తెగులు పెంచిన తోట

జములమ్మ కొడుకు మద్దిలేటి చిక్కుడు తోటకొచ్చిన తెగులును కన్నబిడ్డలా సాదుకుంటున్నాడని, అదీ ఒక పోరి కోసమని, పక్కింటి ఏసమ్మ గిర్నికాడ చెప్పిందట. పిండి పట్టించుకొని వచ్చినవాళ్లు ఆ మాటను బిజినేపల్లంతా చల్లారు.

ఏసమ్మ నోరు చెడ్డదే గాని ఈసారి అబద్ధమాడలేదు.

పోరి పేరు నవనీత. వనపర్తి పిల్ల, హైదరాబాదులో మొక్కల తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మొదటిరోజు అడక్కుండా తోటలో దిగి మచ్చలాకులు తెంపుతుంటే మద్దిలేటి గట్టు మీంచి అరిచాడు.

"ఓ మేడం! కాయలిడిసిపెట్టి ఆకులెత్కపోయే దొంగను ఇయ్యాలనే చూస్తున్న."

"కాయలు మీరే తినుండ్రి. నాకు రోగమొచ్చిన ఆకే గావాలె."

"రోగం మీద గంత ప్రేమేంది?"

"ఆరోగ్యంగున్నోళ్లతోని నాకేం పని?" అని నవ్వింది.

అంతలో వాన. ఇద్దరూ బోరుకాడి కొట్టంలో దూరారు. ఆ మచ్చలు బ్యాక్టీరియా చేసినవని, అది విడిచే విషం ల్యాబులో క్యాన్సర్ కణాలను పెరగనివ్వడం లేదని చెప్పింది. మద్దిలేటి కళ్లు పెద్దవయ్యాయి. ఇంట్లో తల్లికి రొమ్ము క్యాన్సర్; మూడు వారాలకోసారి పట్నం దవాఖానలో కీమో.

"అంటే మా తోటల మందున్నట్టేనా?" అని నవ్వాడు.

నవనీత ఆ నవ్వును చూసింది. "ఉన్నట్టే" అంది.

ఆ రోజు నుంచి తోటకు తెగులు మందు కొట్టడం మానేశాడు. లోకంలో అందరూ ప్రేమించిన పిల్లకు పువ్వులు పంపితే, మద్దిలేటి ఫోన్లో ఆకుమచ్చలు పంపాడు. ఆమె ఎర్ర గుండె బొమ్మలు పంపింది.

ల్యాబు పనిలో పడి ఆమె రెండు నెలలు రాలేదు. మద్దిలేటి ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నెలో ఏదో పచ్చగా ఉడుకుతోంది. జములమ్మ మంచంలో ఉంది.

"ఏంది గది?" అంది నవనీత.

"మన మందే. మచ్చలాకులు కాసి పొద్దుమాపు తాపుతున్న" అన్నాడు మురిపెంగా. "కీమోకు పోతే వాంతులు, ఒకటే పరేషాన్. రెండు సూదులకు పోలే. ఇప్పుడు జర అన్నం తింటుంది."

"సూదులు బంద్ చెయ్యమని నేనన్ననా?"

"మందున్నదంటివి గద."

"గాజుగిన్నెల కణాల మీద, మద్దిలేటీ! విషాన్ని వేరుజేసి చూసినం. ఇంకా ఎలుకకు గూడ ఇయ్యలే. ఆకు కాసి తాగితే మందెట్లైతది?"

"మరి ఆ దినం గట్లెందుకన్నవ్?"

నవనీత పొయ్యి మీది గిన్నెకేసి చూస్తూ అంది: "నువ్వు నవ్వినవ్. ఆ నవ్వు చూసి కాదనబుద్ధి గాలే. నువ్వంటే ఇష్టం నాకు."

రెండు నెలలుగా ఆ మాట కోసమే కాచుకున్నాడు. వచ్చింది. ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మంచంలోంచి జములమ్మ అంది: "సూదులతోని కరిగిన గడ్డ పదిదినాల సంది చంకల మల్ల తాకుతుంది. నువ్వు మురుస్తుంటివని చెప్పలే, కొడకా."

పొయ్యి మీద నీళ్లు పొంగి మంటలో పడ్డాయి. ఎవరూ లేవలేదు.

నవనీత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "రేపు పొద్దుగాల్నే దవాఖానకు పోదాం. నేను గూడ వస్త, అత్తమ్మా."

"పోదాం తియ్యి. నేను బతికితే మీరిద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటరు. చస్తే?"