బురద అంటని బ్రేకులు

"మా ఆయన నా తమ్ముణ్ణి చంపాడు. రుజువు చేసి పెట్టండి," అంది ఆమె, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

డిటెక్టివ్ ఆఫీసుకి అలాంటి మాటలు కొత్త కాదు. కళ్ళల్లో తడి లేకుండా చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ. అసిస్టెంటు ఆమెను భుజం పట్టుకుని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఈ అసిస్టెంటు ఏళ్ళ తరబడి డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. డిటెక్టివ్‌కి సైకిలు తొక్కడం కూడా రాదు. అయినా ఆయన బుర్ర ముందు తన లైసెన్సు దండగని ఆవిడ గట్టి నమ్మకం.

తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. కాపురానికి కూడా వాణ్ణి వెంటబెట్టుకునే వచ్చింది. వాడికి కారంటే ప్రాణం. మామూలు కారు కాదు, కాలు ఆనిస్తే చాలు దూకేసే రకం. దాన్ని అమ్మెయ్యమని బావ రోజూ పోరేవాడు, ఆ మాట మీద ఇంట్లో భోజనాలు మానేసిన రోజులు కూడా ఉన్నాయి. వాడి వేగాన్ని ఎలాగూ ఆపలేను, బ్రేకులైనా మంచివి ఉండాలని ఆమె స్వయంగా దుకాణానికి వెళ్ళింది. చక్రాల్ని నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్లలో రేసుల్లో వాడేవి, అన్నిటికన్నా గట్టివి ఇమ్మని అడిగి కొని, మెకానిక్ చేత వేయించింది.

వారం తిరక్కుండానే, మంచి చలిలో, పొద్దున్నే కారు గేటు దాటి పల్లంలోకి దిగింది. మొదటి మలుపులోనే ఒక లారీ చెడిపోయి ఆగి ఉంది. తమ్ముడు పక్కకి తిప్పాడు. కారు బురద కాలవలో పడింది. వాణ్ణి బయటికి తీసేసరికే ప్రాణం పోయింది.

"ప్రమాదంలో దెబ్బతిన్న బండ్లు పెట్టే యార్డులో చూస్తే చక్రాల్లో పాత ప్యాడ్లున్నాయి, అరిగిపోయినవి," అంది ఆమె. "పాతవన్నీ మా షెడ్డులో ఉంటాయి. తాళం ఆయన దగ్గర ఉంటుంది. నేను కొన్నవి ఉంటే వాడు బతికేవాడు. రేపు పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను."

యార్డులో అసిస్టెంటు కారు చుట్టూ తిరిగి చూసింది. నెత్తి నుంచి చక్రాల దాకా ఎండిన బురదే. బ్రేకు నూనె ఉంది, గొట్టాలు తెగలేదు. ప్యాడ్లు మాత్రం నిజంగానే అరిగిపోయి ఉన్నాయి. భర్త పని అయిపోయిందనుకుంది ఆవిడ. డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని ప్యాడ్ల మీద వేలితో రాశాడు, వేలు చూసుకున్నాడు. వాటిని పట్టి ఉంచే బోల్టుల్నీ తడిమాడు. వాటి మీద బురద గీకేసి ఉంది.

అక్కణ్ణుంచి మెకానిక్ దగ్గరికి వెళ్ళారు. ఆ అక్క కొన్నలాంటి ప్యాడ్లే అలాంటి కారుకే వేయించి, ఖాళీ మైదానంలో నడపమని డిటెక్టివ్ అసిస్టెంటుకి చెప్పాడు. ఆవిడ నడిపి వచ్చి తాళాలు ఇచ్చేసింది.

"ఇది ఆ అక్కకి చెప్పకండి," అంది.

"చెప్పకపోతే రేపు ఆమె భర్త జైల్లో ఉంటాడమ్మా," అన్నాడాయన, దిగులుగా.

సాయంత్రం ఆ ఇంటి ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టాడు. అక్క ఒక మూల, భర్త ఇంకో మూల. గుమ్మం దగ్గర మెకానిక్ తల దించుకుని నిలబడ్డాడు.

ప్యాడ్లు మార్చింది ఎవరని డిటెక్టివ్ అడిగీ అడగకముందే భర్త నోరు విప్పాడు. "నేనే మార్చాను. రాసుకోండి. ఇక మా ఆవిడనీ మెకానిక్‌నీ పంపించెయ్యండి."

"మార్చింది మీరే. ఎప్పుడు మార్చారు?"

ఆయన భార్య వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

"కారంతా బురద," అన్నాడు డిటెక్టివ్. "ఆ ప్యాడ్లకి మాత్రం చిటికెడు కూడా అంటలేదు. బోల్టుల మీద బురద గీకి విప్పారు. అంటే కారు కాలవలో పడ్డాకే అవి మారాయి. ముందే మార్చినవాడైతే చంపడానికి మార్చాడనుకోవాలి. అంతా అయిపోయాక మార్చినవాడు ఏదో దాస్తున్నాడు. కొత్త ప్యాడ్లు అందులో ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదనుకున్నాడు. ఎందుకని?"

భర్త రెండు చేతులూ జోడించాడు. "వద్దండీ. మీకు పుణ్యముంటుంది."

అప్పుడు అసిస్టెంటు లేచి ఆమె పక్కన కూర్చుంది. ఈ ఒక్క ముక్క డిటెక్టివ్ చేత చెప్పించడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

"ఇవాళ నేను నడిపి చూశానమ్మా. రేసు ప్యాడ్లు వేడెక్కాకే గట్టిగా పడతాయి. చల్లగా ఉన్నప్పుడు ఎంత తొక్కినా కారు జారుతూనే పోతుంది. రోజూ ఊళ్ళో తిప్పే బండికి, చలిపొద్దున మొదటి మలుపుకి, అవి పనికిరావు. ఆ సంగతి కొనేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం మట్టి రంగుకి తిరిగింది.

"వాడికి తెలుసా?" అని మెకానిక్‌ని అడిగింది.

"చెప్పానమ్మా. మార్చేస్తానన్నాను," అన్నాడు మెకానిక్. "'అక్క ముచ్చటపడి కొంది, తీసేస్తే మనసు కష్టపెట్టుకుంటుంది, జాగ్రత్తగా నడుపుకుంటాలే' అన్నాడు. నేనే గట్టిగా పట్టుబట్టాల్సింది. ప్రమాదం అయ్యాక సారుకి ఒక్కరికే చెప్పాను."

ఆమె నేల మీదికి జారిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఇన్నాళ్ళూ కోపం కింద అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చింది. వాడి చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచి, పిలిచి ఏడ్చింది. అసిస్టెంటు కూడా ఏడ్చింది. డిటెక్టివ్ కేసు గెలిచినప్పుడల్లా ఆయన్ని మెచ్చుకోవడం ఆవిడకి అలవాటు. ఆ సాయంత్రం ఆయన వైపు చూడలేకపోయింది.

భర్త వచ్చి భార్య పక్కన కూలబడ్డాడు.

"వీళ్ళ మాట వినకు. నేనే చేశాననుకో," అన్నాడు. "ఇన్నాళ్ళూ అనుకున్నావుగా. అలాగే అనుకో. నేనేమీ అనుకోను."

ఆమె అతని చొక్కా గుప్పిట పట్టుకుని, అతని ఒళ్ళో తల పెట్టుకుంది.