ఎడంచేతి కుట్టు

గురువారం ఉదయం ఏడున్నరకి కత్తెరమ్మ వంటగది నేల తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, నడుం మీద చేయి వేసుకుని ఆ మెరుపు కాసేపు చూసుకుందామనుకుంది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తోసుకుని కోడలు లోపలికొచ్చింది. ఒంటి మీద పసుపురంగు బనియను, మోకాళ్ళదాకా మట్టి. బూట్లు బయటే విప్పింది పాపం, మేజోళ్ళ సంగతే మరిచిపోయింది. తళతళలాడే నేల మీద పది అడుగులు, పదీ నల్లగా పడ్డాయి.

"ఇవాళ ఎవరి కొంప బాగుచేసొచ్చావమ్మా?"

"ఒక పెద్దావిడది అత్తయ్యా. మంచం, బీరువా కిటికీ ఉన్న గదిలోకి మార్చాం."

"మన అటక మీద కూడా మూడేళ్ళ దుమ్ముంది. దానికోసం పరిగెత్తుకుంటూ ఎవరొస్తారో!"

"నేనే ఎక్కుతా. శనివారం."

"ఆ శనివారం నేను బతికుండగా వస్తుందా?"

ఆ వీధిలో ఆమెని అందరూ కత్తెరమ్మ అనే పిలుస్తారు. చేతిలో కత్తెర చూసి కొందరు, నోట్లో కత్తెర చూసి కొందరు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. కొడుకు బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేస్తాడు. కోడలిది లిఫ్టుల కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగం. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి "కంగారుపడకండి, మనిషి బయల్దేరాడు" అని రోజంతా కుర్చీలో కూర్చుని చెప్పాలి. ఆ బయల్దేరే మనిషి ఒక్కసారైనా తను అయితే బాగుండునని ఆ పిల్లకి అనిపించేది. అందుకే పరుగు బృందంలో చేరింది.

ఆ బృందం తీరు వేరు. గురువారం, ఆదివారం తెల్లారగానే ఇరవై మందిదాకా పార్కు గేటు దగ్గర కలిసి పరుగు మొదలుపెడతారు. దారిలో ఒంటరిగా ఉండే ఏ ముసలివాళ్ళ ఇంటి దగ్గరో, కాలనీ చివర ఉమ్మడి తోటలోనో ఆగి గంటసేపు చాకిరీ చేసి, మళ్ళీ పరుగున తిరిగొస్తారు. వాళ్ళకో కట్టుబాటుంది. ఎవరింట్లో చూసింది ఆ ఇంట్లోనే వదిలెయ్యాలి. పేర్లు, కష్టాలు మోసుకొచ్చి బయట చెప్పకూడదు.

కోడలు స్నానానికి వెళ్ళగానే కత్తెరమ్మ మట్టిబట్టలు తీసింది. జేబులు తిరగెయ్యకుండా ఏ బట్టా ఉతికే మిషన్లో వెయ్యదు. అది వృత్తితో వచ్చిన అలవాటు. లాగు జేబులోంచి బొటనవేలంత గుడ్డసంచి ఒకటి రాలిపడింది. బూడిదరంగు లైనింగు ముక్క. లోపల గింజలు గలగలమన్నాయి. వేలితో అంచు తడిమింది. కుట్లు ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

అలా వాలేలా కుట్టే ఎడంచెయ్యి ఆమెకి తెలిసి లోకంలో ఒక్కటే ఉంది.

స్నానాలగది తలుపు తెరుచుకునేసరికి కత్తెరమ్మ నడవలో నిలబడి ఉంది. "ఇదెక్కడిది?"

కోడలు తల తుడుచుకోవడం ఆపింది. "చిక్కుడు గింజలు. ఆ పెద్దావిడ ఇచ్చారు."

"గింజలెవరడిగారు? సంచి కుట్టిందెవరు?"

కోడలు తల దించుకుంది. "పెద్దత్తయ్య గారు."

పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట వినపడలేదు. కత్తెరమ్మ సొంత అక్క, ఏడేళ్ళు పెద్దది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి దుకాణం నడిపారు. ఒక బడి నాటకాల హాలుకి మఖమల్ తెరలు కుట్టే పని వచ్చింది. మఖమల్‌కి నూగుంటుంది. రెండు ముక్కల్లోనూ నూగు ఒకే వైపుకి ఉండేలా కొయ్యాలి, లేకపోతే రంగు తేడా కొడుతుంది. మొదటి ప్రదర్శన రోజు దీపాలు వెలిగాయి. తెరలో ఒక సగం ముదురు ఎరుపు, రెండో సగం వెలిసిపోయిన పాత దుప్పటి. హాలంతా నవ్వింది. సుద్దతో నూగు వైపు చూపే బాణం గుర్తు తప్పుగా పెట్టింది నువ్వంటే నువ్వని ఇద్దరూ వాదులాడుకున్నారు. మాటా మాటా పెరిగింది. దుకాణం మూతపడింది. రెండు బస్టాపుల దూరంలో ఉంటూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది నెలలు."

"పది నెలలు! నా పక్కన కూర్చుని టీవీ చూస్తూ, నా చేతి కాఫీ తాగుతూ, వెళ్ళి ఆవిడగారి మంచాలు మోస్తున్నావా?"

కొడుకు ఒక చేతిలో బూటుతో పరుగున వచ్చాడు. "అమ్మా, కాస్త మెల్లగా…"

"నువ్వు నోర్ముయ్! నీ పెళ్ళికి కూడా రాని మనిషిరా అది!"

"పిలిచామా?"

"కార్డు వెయ్యలేదూ?"

"ఆ కార్డు నీ కుట్టుమిషను సొరుగులో ఉందమ్మా. నూనెసీసా కింద. నాలుగేళ్ళ కిందటే చూశాను."

కత్తెరమ్మ చూపు పక్కకి తిప్పేసుకుంది. అలా జరగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

కోడలే మెల్లగా అందుకుంది. "నాకూ ముందు తెలీదత్తయ్యా. బృందం జాబితాలో ఆ ఇల్లు వచ్చింది, వెళ్ళాను. గోడ మీద మీ అబ్బాయి చిన్నప్పటి ఫొటో ఉంది. మన హాల్లో ఉన్నదే. మన ఫొటో ఒక పక్క ఫ్రేము వెనక్కి మడిచి ఉంటుంది చూడండి, అక్కడ పెద్దత్తయ్య ఉన్నారు."

"నా గురించి ఏమంది?"

"ఏమీ అనలేదు. ప్రతి గురువారం మీ మోకాలు ఎలా ఉందని మాత్రం అడుగుతారు."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పావా?"

"చెప్పొద్దన్నారు. జాలిపడి రావద్దు, రావాలనిపిస్తే రమ్మన్నారు."

"జాలా? రాయిలాంటి మనిషి! ఆవిడ మీద జాలెందుకు?"

కోడలు పెదవి కొరుక్కుంది. ఏదో చెప్పబోయి మింగేసి, సంచి భుజాన వేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది. కొడుకు ఎక్కాల్సిన బస్సు తప్పిపోయింది. టైంటేబుల్ తను వేసిందే.

ఇల్లు ఖాళీ అయింది. కత్తెరమ్మ గిన్నెల మీద కోపమంతా చూపించింది. సంచిని చెత్తబుట్టలో వేసి, పావుగంటకి తీసి దులిపింది. మధ్యాహ్నం కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. చేత్తో చూసిన దాన్ని కంటితో చూడటం అదే మొదటిసారి.

బూడిదరంగు గుడ్డకి ఎర్రదారం! బట్టలో కలవని దారంతో అక్క జన్మలో కుట్టలేదు. దారం రంగు ఒక్క పిసరు తేడా ఉన్నా విప్పించి మళ్ళీ కుట్టించేది. ఆ కుట్లు కూడా ఒక చోట అంచు దాటి పక్కకి పోయి, వెతుక్కుంటూ మళ్ళీ వెనక్కి వచ్చాయి. మూల దగ్గర సూది రెండుసార్లు దిగిన గుర్తు, పక్కనే గోధుమరంగు చుక్క. కత్తెరమ్మ దాన్ని గోటితో గీకింది. ఎండిన నెత్తురు.

"అక్కా," అంది, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. తర్వాత మిషను మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి పసుపు బనియను ఉతికి, ఇస్త్రీ చేసి, బల్ల మీద మడతపెట్టి ఉంది.

"ఎడమ కన్నా, కుడి కన్నా?" అని అడిగింది అత్తగారు.

కోడలి కళ్ళు నిండిపోయాయి. "రెండూ అత్తయ్యా. మధ్యలో ఏమీ కనపడదు. పక్కలకి కాస్త మసగ్గా తెలుస్తుంది. ఇక తిరిగి రాదన్నారు. నేను చెప్పలేదు, మీరే కనిపెట్టారు."

"ఆ సంచి చెప్పిందిలే. ఇంకేం దాచావో చెప్పు."

"దాచింది కాదిది, తోటలో అందరికీ తెలుసు. ఆవిడకి అక్కడ ఒక మడి ఉంది. మొన్న కలుపనుకుని చిక్కుడు మొలకలన్నీ పీకేసుకున్నారు. తానిక చిక్కుడుకి పనికిరానని చెప్పి ఆదివారం మడి అప్పజెప్పేస్తున్నారు. మిగిలిన గింజలు అందరికీ పంచేశారు. బయటికొచ్చేది ఆ మడి కోసమే అత్తయ్యా. అది కూడా పోతే ఇక ఆ గదిలోనే."

ఆదివారం పొద్దున్నే పార్కు గేటు దగ్గర కత్తెరమ్మని చూసి బృందమంతా నోరెళ్ళబెట్టింది. కొడుకు మేజోళ్ళు, కోడలి పాత బూట్లు, భుజాన కుట్టుసంచి. "ఏడు నలభైకి నేరుగా బస్సుంది కదమ్మా!" అని కొడుకు మొత్తుకున్నాడు. "బస్సెక్కితే మధ్యలో దిగిపోతాన్రా. నా సంగతి నాకు తెలుసు," అంది.

అరవై ఒక్కేళ్ళ మోకాళ్ళు! ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభందాకా పరిగెత్తి, ఆ తర్వాత స్తంభందాకా నడిచింది. పరుగు బృందంలో ఇంకో పద్ధతి ఉంది. ముందున్నవాళ్ళు ఆగి ఎదురుచూడరు, వెనక్కి పరిగెత్తుకొచ్చి చివరివాళ్ళని కలుపుకుని పోతారు. కోడలు అలా ఐదుసార్లు వెనక్కొచ్చింది. ఐదోసారి కత్తెరమ్మ రొప్పుతూనే ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "మొన్న నేనన్న మాటలు…"

"అవి మొన్నటితోనే పోయాయి అత్తయ్యా. పదండి, ఇంకో రెండు స్తంభాలే."

ఉమ్మడి తోటలో, నాలుగో మడి గట్టున బోర్లించిన బక్కెట్టు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. చిక్కిపోయింది. మడి నంబరు చెక్క ఒళ్ళో పెట్టుకుని తోట కార్యదర్శి కోసం చూస్తోంది. అడుగుల చప్పుడుకి మెడ పక్కకి తిప్పి, కంటిచివరతో చూసింది. "ఎవరది?"

ఏమనాలో దారిపొడుగునా నేర్చుకున్న మాటలన్నీ కత్తెరమ్మ మరిచిపోయింది. చిన్న సంచి తీసి అక్క చేతిలో పెట్టింది. "కుట్టు వంకర పోయింది."

పెద్దావిడ సంచి అంచు వేలితో తడిమింది. "నిన్నెవరు చూడమన్నారే బుల్లీ?"

ఇంకెక్కడి రోషం! చెల్లెలు మట్టిలోనే కూలబడి అక్క ఒళ్ళో తలపెట్టింది.

"ఆ రోజు తెరకి బాణం తప్పు పెట్టింది నేనేనే," అంది అక్క. "అప్పటికే నా చూపులో మసక మొదలైంది. ఒప్పుకుంటే కత్తెర పట్టనివ్వరని నీ మీదికి తోసేశాను."

"కాదు, బాణం సరిగ్గానే ఉంది. కోసేటప్పుడు గుడ్డ తిప్పింది నేను."

"నేను పెట్టానంటుంటే నీకేం తెలుసు?"

"కోసిన దాన్ని నేను! నాకు తెలీదా?"

"మళ్ళీ మొదలెట్టారా?" అంది కోడలు పలుగు నేలకి ఆనించి. బృందమంతా ఘొల్లున నవ్వింది. అప్పుడే వచ్చిన కార్యదర్శి చెక్క కోసం చెయ్యి చాపాడు.

"ఆ చెక్క ఇవ్వం బాబూ," అంది కత్తెరమ్మ. "అరగంట ఆగి రా."

బృందం మట్టి గుల్లచేసింది. కత్తెరమ్మ కుట్టుసంచిలోంచి లావుపాటి ఎర్రదారం తీసి, మడి పొడుగునా రెండు పుల్లల మధ్య బిగించింది. తర్వాత అక్క చేతిలోని సంచి తీసుకుని, దారం కిందే బెత్తెడుకొక గింజ నాటుకుంటూ పోయింది.

"ఇంక కళ్ళతో పనిలేదు. దారం తడుముకుంటూ రా. దారం కింద మొలిచింది చిక్కుడు, పక్కన మొలిచింది కలుపు. ప్రతి ఆదివారం నేనూ వస్తాను. పరుగు నీవల్ల కాదు, కాబట్టి నాతో పోటీపడకు."

అక్క వంగి, ఎడంచేతి వేళ్ళతో దారం పట్టుకుని అంగుళం అంగుళం జరుగుతూ అటు చివరికి వెళ్ళింది. అక్కడి ముడి తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇదేమిటే? ఎడంచేతి ముడి వేశావు?"

"నీ చేతికి తెలిసిన ముడి అదేగా," అంది చెల్లెలు.