దంతపు రంగు నాబులు

ఆ శుక్రవారం చోర్ బజార్‌లో రాజమల్లు కంటే అరక్షణం ముందు ఒక అమ్మాయి చెయ్యి చాచింది.

పరిచిన గోనె మీద తుప్పు పట్టిన తాళాలు, ఆగిపోయిన గడియారాల మధ్య పడి ఉందది. రూపాయి బిళ్ల కంటే కాస్త వెడల్పు, పైన ఉబ్బెత్తు, పాత ఏనుగు దంతం రంగు, లోపల సన్నటి గోధుమ చారలు. మూడు నెలలుగా రాజమల్లు దాని కోసమే తిరుగుతున్నాడు. అతను వంగేసరికి అది ఆమె పిడికిట్లో ఉంది.

"అది నాకు కావాలి," అన్నాడు హిందీలో.

"నాకూ కావాలి," అంది ఆమె, కొట్టువాడికి డబ్బిచ్చేస్తూ.

"అదేమిటో తెలుసా? 1938 నాటి మోరిస్ కారుది. తలుపు అద్దం దించే హ్యాండిల్‌కి ఉండే నాబ్."

"నాకైతే కోటు గుండీ. రెండు బొక్కలు పెడితే చాలు. సినిమా దర్జీ ఒకాయన ఇలాంటివి పన్నెండు అడిగాడు."

బొక్కలనేసరికి రాజమల్లు మొహం పాలిపోయింది. అది చూసి ఆమె అటు తిరిగి నవ్వాపుకుంటూ గొణుక్కుంది.

"ఎడ్డోడున్నట్టున్నడు. గుండీ కోసం ఏడ్చేటట్టున్నడు."

"ఎడ్డోణ్ని గాదు. కామాటిపుర ఏడో గల్లీల ఉంట," అన్నాడతనూ తెలుగులోనే.

ఆమె చెవుల దాకా ఎర్రబడింది.

"మనోళ్లేనా? ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు చెప్పనిచ్చినవా?"

పక్కనే ఉన్న ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఇద్దరూ తమ సంగతులు చెప్పుకున్నారు. ఆమె పేరు తారాబాయి. ధారావిలో తండ్రి భూమయ్యకు చిన్న కార్ఖానా ఉంది. మూసల్లో రెజిన్ అనే జిగురు ద్రవం పోసి గుండీలు, దువ్వెనలు, కత్తి పిడులు చేస్తారు. భూమయ్యకు చూపు మందగించాక మూసలు తీయడం, రంగులు కలపడం తారాబాయే చూసుకుంటోంది.

రాజమల్లుది పాత కార్ల లోపలి పని. సీట్లకు తోలు కుట్టడం, తలుపులకు లోపలి అట్టలు చేయడం, పైకప్పు గుడ్డ మార్చడం. రాళ్లు మోయడానికి పాలమూరు నుంచి వచ్చిన ముత్తాత దిగిన ఒంటిగదుల చాల్‌లోనే, తల్లి గంగవ్వతో ఉంటున్నాడు. గ్యారేజీ యజమాని పోచయ్య అతనికి పని ఇస్తాడు. ఈ మోరిస్ దాదర్‌లో ఉండే ఖుర్షీద్ బాయి అనే పార్సీ ముసలావిడది. భర్త పోయాక కారు రెండేళ్లు మూలన పడింది. అంతకు ముందే ఎవరో మెకానిక్ నాలుగు తలుపుల నాబులూ ఊడదీసి ఇనుప బోల్టులు బిగించాడు. పెళ్లై ఆ కారులో అత్తారింటికి వచ్చినప్పుడు లోపల ఎలా ఉండేదో, అలాగే చూడాలని ఆవిడ కోరిక.

"నాలుగు గావాలె. దొరికింది ఒక్కటే. అదీ నీ చేతిల పడ్డది," అన్నాడు రాజమల్లు.

తారాబాయి నాబ్‌ని వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది.

"దీనికి మూస తీస్త. నీ మూడు అయినంకనే నా గుండీలు. బొక్కలు నకలుకే పెడ్త, దీనికి గాదు. నమ్మకుంటే పట్టుకపో." దాన్ని అతని అరచేతిలో పెట్టింది.

అతను కాసేపు చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

మరుసటి వారం వాన మొదలైంది.

మొదట పోసిన మూడూ తేమకు గట్టిపడలేదు. బంకలా వేలికి అంటుకున్నాయి. రెండోసారి లోపల బుడగలు. మూడోసారి తారాబాయి ఒక చెక్కపెట్టెలో బల్బు వెలిగించి, ఆ వేడిలో మూసలు పెట్టింది. నాబులు గట్టిపడ్డాయి, కానీ రంగు మరీ పసుపుగా తేలింది.

"మాపటికి లైటు కింద కలిపినవా బిడ్డా?" అడిగాడు భూమయ్య, నాబ్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుని. "రంగు పగటి ఎలుతుర్ల జూడాలె."

పగటి వెలుతురు కావాలన్న నెపంతో రాజమల్లు రోజూ మధ్యాహ్నం బస్సెక్కి రాసాగాడు. కారు తలుపు తోలు ముక్క ఒకటి తెచ్చి, గుమ్మంలో కూర్చుని రంగు పక్కన పెట్టి చూసేవాడు. తారాబాయి పసుపులో చుక్క గోధుమ రంగు కలిపి, గట్టిపడేలోపు సూదితో ఒక్కసారి తిప్పేది. ఆ తిప్పుడులో చారలు పడేవి.

"దినామొస్తున్నవు. నీకు పని లేదా?" అందొకరోజు.

"నాబ్ ఎట్లయిందో చూసిపోదామని."

"నాబ్ పెట్టెల ఉన్నది. నువ్వు ఇటు జూస్తున్నవు."

గోడవైపు తిరిగి కూర్చున్న భూమయ్య దగ్గాడు. రాజమల్లు తోలు ముక్కను అటూ ఇటూ తిప్పి చూడసాగాడు. బయట రేకుల మీద వాన మోగుతోంది. గొడుగు ఉండి కూడా అతను వాన తగ్గాక పోతానన్నాడు. తారాబాయి గొడుగు సంగతి ఎత్తలేదు.

నలభై రోజులకు మూడు నాబులు తయారయ్యాయి. అసలుదాంతో కలిపి ఆమె నాలుగూ వరసలో పెడితే, ఏది ఏదో రాజమల్లుకు తెలియలేదు.

"బాయికి చెప్తవా, నేను చేసిన్నని?" అడిగింది తారాబాయి.

"చెప్పక? నువ్వు గూడ రా. నీ ముంగటనే చెప్త."

ఆ సోమవారం పోచయ్య గ్యారేజీకి ఖుర్షీద్ బాయి వచ్చింది. తారాబాయి గోధుమ రంగు చీర కట్టుకుని, గోడ పక్కన నిలబడి చూస్తోంది. బాయి వెనక సీట్లో కూర్చుని, కుట్టిన తోలు మీద చెయ్యి వేసింది. తర్వాత తలుపు నాబ్ పట్టుకుని మెల్లగా తిప్పింది. అద్దం దిగింది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

"నాలుగూ అసలువేనా?" అని హిందీలో అడిగింది.

"అన్నీ అసలువే బాయి. చోర్ బజారంతా జల్లెడ పట్టి తెచ్చాడు మావాడు," అన్నాడు పోచయ్య, మూడు కొత్తవని తెలిసి కూడా.

ఆవిడ రాజమల్లు వైపు తిరిగింది. "నిజమేనా బాబూ?"

పోచయ్య చూపు అతని మీదే ఉంది. ఇంకో రెండు పాత కార్లు ఇస్తానని పొద్దున్నే మాటిచ్చాడు. కొత్తగా పోసినవంటే బాయికి ఎక్కడ నచ్చకుండా పోతాయో అని కూడా అనిపించింది. రాజమల్లు తల వంచుకుని, ఊపీ ఊపనట్టు ఊపాడు.

తల ఎత్తేసరికి గోడ పక్కన తారాబాయి లేదు.

సాయంత్రం ధారావి వెళ్తే, ఆమె గుమ్మంలో కూర్చుని గుండీలకు నునుపు పెడుతోంది.

"కామ్ ఝాలం నా? జా ఆతా," అంది తల ఎత్తకుండా. పని అయిపోయిందిగా, ఇక వెళ్లు.

రెండు నెలల్లో ఆమె అతనితో మరాఠీలో మాట్లాడటం అదే మొదలు.

"తిడితే తెలుగుల తిట్టు తారా."

ఆమె మళ్లీ మరాఠీలోనే, చీకటి పడుతోంది, బస్సు దొరకదు అంది. లోపలి నుంచి భూమయ్య గొంతు నెమ్మదిగా వినిపించింది.

"నా బిడ్డ నలభై దినాలు కూసోని చేసింది. నువ్వొక్క మాట చెప్పలేకపోతివి, రాజమల్లూ."

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఖాళీగా ఉన్నా రాజమల్లు నిలబడే వచ్చాడు.

తెల్లారి పనికి పోకుండా నేరుగా దాదర్ వెళ్లాడు. ఖుర్షీద్ బాయి కాలనీలో కారు పక్కనే కుర్చీ వేసుకుని ఉంది.

"నిన్న మీకు అబద్ధం చెప్పాను బాయి. ఒక్కటే అసలుది. మిగతా మూడు తారాబాయి అనే అమ్మాయి చేసింది. తెలుగమ్మాయి, ధారావిలో ఉంటుంది."

ఆవిడ లేచి నాలుగు తలుపులూ తెరిచి చూసింది.

"ఇందులో అసలుది ఏది?"

"నాకూ తెలియదు. ఊడదీసి వెనక్కి తిప్పి చూడాలి."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను. మీకు నచ్చవేమోనని. నాకు పని పోతుందేమోనని."

"పోచయ్య సంగతి నేను చూసుకుంటాను. నువ్వు అడక్కుండానే వచ్చావు," అందావిడ. తాళం చెవి అతని చేతిలో పెట్టింది. "కారు తియ్యి. ఆ పిల్లని చూడాలి."

ధారావిలో గల్లీలోకి కారు పట్టదని రోడ్డు మీదే ఆపాడు. అక్కడి నుంచి ముసలావిడ గొడుగు పట్టుకుని, నీళ్లు నిలిచిన గల్లీలో మెల్లగా నడిచింది. చెక్కపెట్టె, మూసలు, సూది అన్నీ చూపించమంది. చూశాక తారాబాయి చెయ్యి పట్టుకుంది.

"ఈ అబ్బాయి తానే వచ్చి నిజం చెప్పాడు. మా ఆయన నలభై ఏళ్లు చెయ్యి వేసిన చోట నీ పని ఉంది. అది ఆయనకు కూడా నచ్చేది. మాలాంటి పాత కార్ల వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఏదో ఒక పాత సామాను దొరకడం లేదు. నీ పేరు చెప్తాను."

తర్వాత ఆవిడ వెనక సీట్లో కూర్చుని, తారాబాయిని ముందు ఎక్కమంది. మాహిమ్ సముద్రం దాకా తిప్పి తీసుకురమ్మని రాజమల్లుకు చెప్పింది. బండి కదిలిన కాసేపటికే ఆవిడ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందో, పోయినట్టు ఉందో తెలియదు.

"పోచయ్య ఇగ పనిస్తడా?" అడిగింది తారాబాయి, తెలుగులో.

"ఇయ్యడు. కారు తీసేముందుగాల బాయి ఫోన్ల తిట్టింది. ఇటు మొకం చూపించొద్దని కబురు పంపిండు."

"మరెట్ల?"

"ఎట్లనో అట్ల. నీ పేరు చెప్పినంక నాకు భయం పోయింది తారా." రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు. "ఎక్కడికి పోయినా నీ పేరు జోడిచ్చి చెప్పుకోవాలనున్నది. నా పేరుతోని."

ఆమె అద్దం కొంచెం దించి, వాన జల్లు మొహాన పడనిచ్చింది. నవ్వుతోందని అతనికి ఓరకంట కనిపించింది.

దసరా దాటాక ఒక ఆదివారం గంగవ్వ కొడుకును వెంటబెట్టుకుని పెళ్లి మాటలకు ధారావికి వచ్చింది. భూమయ్య ఆవిడకు కుర్చీ వేసి, తాను పీట మీద కూర్చున్నాడు.

"పిలగాడు మంచోడే అక్కా," అన్నాడాయన. "కాని బిడ్డ మీ గల్లీకొస్తే, ఈడ నాకు కండ్లు లేనట్టే."

గంగవ్వ కొడుకు వైపు చూసింది.

"నేనే ఈడికొస్త అమ్మా," అన్నాడు రాజమల్లు. "కుట్టు మిషన్ తెచ్చుకుంట. పగలు ఈడ పని చేస్కుంటం, రాత్రికి మనింటికొస్తం."

"నలుగురేమంటరు?" అంది గంగవ్వ. తర్వాత తానే, "అంటే అననీ. ఆళ్లు దారం ఎక్కిస్తరా నీకు? మిషన్ ఏడ పెడ్తవు మరి?"

"ఆ మూలకు పట్టదా?" అన్నాడు భూమయ్య.

"ఆ మూలకు నీళ్లు కారుతున్నయ్ కాకా," అన్నాడు రాజమల్లు.

ముగ్గురూ గోడలు చూస్తూ జాగా లెక్కవేస్తుంటే, చాయ్ గ్లాసులు తెచ్చిన తారాబాయి మధ్యలో నిలబడింది.

"నన్నెవ్వరన్న అడిగిన్రా?"

రాజమల్లు లేచి నిలబడ్డాడు. తల్లి ముందు, కాబోయే మామ ముందు అతని చెవులు కాలిపోతున్నాయి.

"నీకు ఇష్టమేనా తారా?"

"చాయ్ తాగినంక చెప్త."

గుమ్మంలో కూర్చుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తొందరేమీ లేకుండా చివరి గుక్క దాకా తాగింది. గంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. తారాబాయి గ్లాసు కింద పెట్టి లేచింది. గోడకు ఆనించి ఉన్న రంగు డబ్బాలు ఒక్కొక్కటే పక్కకు జరిపింది.

"మిషన్ ఈడ పెట్టు," అంది. "కిటికీ దిక్కు. కుట్టేటోడికి ఎలుతురు గావాలె."