పురుగు కొరికిన ఆకు

షోరూమ్‌లో కొత్త కర్టెన్లు వేలాడదీసిన రోజు డిజైనర్ కుర్రాడి కాళ్లు నేల మీద ఆనలేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వాటి మీది తీగ డిజైన్ తన ఊహలోంచే పుట్టిందని చెప్పుకుంటూ తిరిగాడు. నిజానికి అది పుట్టింది మొక్కల నర్సరీ అమ్మాయి నోటుబుక్కులో.

నెల క్రితం డిజైన్ కోసం ఆకులు చూద్దామని ఆ నర్సరీకి వెళ్లాడు. తను పెంచే ప్రతి మొక్కనూ ఆమె పెన్సిల్‌తో గీసి పెట్టుకునేది. ఆమె టీ తేవడానికి లోపలికెళ్లిన రెండు నిమిషాల్లో ఒక పేజీ ఫోటో తీసి, తర్వాత ఉన్నదున్నట్టు బట్టమీదికి దించేశాడు. ఆ పైన వారానికి రెండుసార్లు వెళ్లి, ఒక్క మొక్కనూ బతికించడం రానివాడు పద్నాలుగు కుండీలు కొన్నాడు. ఫోటో సంగతి చెబుదామని ప్రతిసారీ అనుకునేవాడు. ఆమె నవ్వగానే ఇంకో కుండీ బేరమాడేవాడు.

కర్టెన్లు కట్టిన ఆ రోజు మధ్యాహ్నం షోరూమ్‌లో పెట్టడానికి మొక్కలు తీసుకుని ఆమే వచ్చింది. కర్టెన్ ముందు ఆగి ఒక ఆకు మీద వేలు పెట్టింది.

"ఈ చిల్లేంటండీ?"

"అదా... అందం కోసం. న్యాచురల్ లుక్."

"పురుగు కొరికింది. మా గోడ పక్క తీగకి. బొమ్మ గీసిన రోజే ఆ పురుగుని ఏరి పారేశాను."

అతను కర్టెన్ వైపు చూశాడు. అచ్చులో డిజైన్ మూరకోసారి మళ్లీ వస్తుంది కదా, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే చిల్లు. ఒక్క దొంగతనానికి వంద సాక్ష్యాలు వేలాడుతున్నాయి.

అంతలో ఓనర్ మేడమ్ వచ్చి, మావాడి డిజైన్ ఎలా ఉందని ఆమెను అడిగింది. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. ఆమె మాత్రం చాలా బాగుందని చెప్పి, కుండీలు సర్దేసి వెళ్లిపోయింది. నలుగురిలో తిట్టినా ఇంత సిగ్గుపడేవాడు కాదు.

మర్నాడు పొద్దున్నే మేడమ్ ముందు ఉన్నదంతా కక్కేశాడు. ఆవిడ చడామడా తిట్టి, లేబుల్ మీద అతని పేరు తీసేసి అమ్మాయి పేరు వేయమంది. అతన్ని మూడు నెలలు శాంపిల్ ముక్కలు కత్తిరించుకోమంది.

అక్కణ్నుంచి నేరుగా నర్సరీకి వెళ్లాడు. గేటు దగ్గరే అమ్మాయి నాయనమ్మ అతన్ని చూసి, "పురుగులబ్బాయి వచ్చాడే," అని లోపలికి కేకేసింది. అంటే ఇంట్లో అందరికీ తెలుసు. వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది. ఇప్పుడు పారిపోతే ఆ అమ్మాయి మొహం ఇక ఎప్పటికీ చూడలేనని నిలబడ్డాడు.

మట్టి చేతులతో ఆమె వచ్చింది. మేడమ్‌కి చెప్పేశానని, లేబుల్ మారుతోందని నేలచూపులు చూస్తూ అప్పజెప్పాడు.

"అవన్నీ మేడమ్ ఫోన్ చేసి చెప్పారు. నాకు చెప్పాల్సింది చెప్పండి."

"మీ బొమ్మ దొంగిలించాను. నెల రోజులు మీరిచ్చిన టీ తాగుతూ మీ ఎదురుగానే దాచాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది."

"అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కదండీ," అంది. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. చేతుల మట్టి దులుపుకుని, "ఇంకా నా దగ్గర దాచినవేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"ఒకటుంది. మీరంటే నాకు చాలా ఇష్టం."

నాయనమ్మ నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది దాచడమంటారా?" అంటూ ఆమె పక్కనున్న స్టూలొకటి అతని వైపు జరిపింది. "నాకు తెలియనివేమైనా ఉంటే చెప్పండి."