దూపగనిలో వినబడిన మాట

మా తాతగారు నాగభూషణంగారు. తాండూరు నుండి పెద్దేముల్ వెళ్లే బండ్లబాట మీద ప్రతి వేసవిలో చలివేంద్రం నడిపినవారు. మా నాయనమ్మ రత్నమాంబగారు. ఆమె బ్రతికి ఉన్నన్నాళ్లు మా గుమ్మం ముందు నుండి దాహంతో తిరిగి వెళ్లిన మనిషి లేడు. మా నాన్నగారు శంకరయ్యగారు. బడులలో ఉర్దూ రాజ్యమేలే రోజులలో, కొట్టు మూసిన తరువాత ఇంటి అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించినవారు. నాకు వ్యాకరణం నేర్పినది ఆయనే. హ్రస్వదీర్ఘాలు తప్పితే నన్ను కంచం ముందు నుండి లేపేవారు.

ఈ ముగ్గురి పేర్లు తలచకుండా నేను ఏ మాటా మొదలుపెట్టను. ఈ కథను అసలే మొదలుపెట్టను.

తాండూరు దాటి పెద్దేముల్ దారిలో పోతుంటే కుడిచేతివైపు ఒక పాడుబడిన రాతిగని ఉన్నది. నాపరాయి దొరికినంత కాలం తవ్వి, దొరకడం మానిన తరువాత వదిలివేశారు. వానలకు అది నిండింది. చుట్టూ కంచె లేదు. గోడ లేదు. నడిచివచ్చే బాట నేరుగా అంచు దాకా వచ్చి... అక్కడ ఆగిపోతుంది.

దానిని అందరూ దూపగని అంటారు. దూప అంటే మా వైపు దాహం.

రాత్రిపూట ఆ పక్కగా పోయేవారికి ఒక ఆడగొంతు వినబడుతుంది. సాగదీసి, ఏడుస్తున్నట్లు — "నీళ్లు... నీళ్లు..." అని. రాళ్లు మోస్తూ దప్పికకు చనిపోయిన కూలిమనిషి అని కొందరు. కాదు, పురిటిలో పోయిన బాలింత అని కొందరు. షేర్ ఆటో నడిపే అంజికి ఒకనాటి రాత్రి సరిగ్గా అక్కడే చక్రం పంక్చరయింది. ఆ గొంతు వినగానే, గాలి లేని చక్రంతోనే పెద్దేముల్ దాకా తోలుకొనిపోయాడు. చేరేసరికి టైరు లేదు. ఇనుప రింగు మాత్రమే మిగిలింది. ఆ రింగును చూపించి ఏడాది పొడుగునా ఈ కథ చెప్పాడు.

గనికి ఆనుకొని ఒక బండల యార్డు ఉన్నది. పాలిష్ చేసిన నాపరాతి బండలను అక్కడ వరుసలుగా నిలబెడతారు. దానికి రాత్రి కావలిగా మల్లేశ్ కుదిరాడు.

మల్లేశ్ నా శిష్యుడు. గొర్రెలు కాచే భీమప్ప కొడుకు. బడిలో వాడికి లకారానికీ ళకారానికీ తేడా ఎన్నటికీ నిలువలేదు. కళ్లను "కల్లు" అనేవాడు. పిల్లలందరూ నవ్వేవారు, వాడు అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

ఒకనాటి సాయంకాలం డ్యూటీకి పోతూ మా అరుగు దగ్గర ఆగాడు.

"పంతులమ్మా, గా గనికాడ ఎవరో ఒర్లుతున్నరు. నేను గూడ విన్న."

"ఏమని?"

"నిల్లు... నిల్లు... అని."

"నిల్లు ఏమిటిరా? నీళ్లు. నకారానికి దీర్ఘం. తరువాతిది లకారం కాదు, ళకారం. ఏదీ, మళ్లీ అను."

వాడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు, ఐదవ తరగతి పిల్లవాడిలాగా.

"నీళ్లు," అన్నాడు.

"అదీ."

"అంటే దూపతోని ఉన్నట్టే గదా, పంతులమ్మా. ఒక చెంబెడు ఇస్తే పోతదేమో..."

"అడిగినవారికి నీళ్లు లేవనకూడదు," అన్నాను. "మా ఇంటి ఆచారం అది."

వాడు నవ్వి వెళ్లిపోయాడు. నేను లోపలికి వచ్చి దీపం పెట్టాను.

మరునాటి ఉదయం మల్లేశ్ దూపగని నీళ్లలో తేలాడు. ఒడ్డుకు ఒక్క మెట్టు కింద, రాయి మీద, స్టీలు చెంబు ఒరిగి ఉన్నది.

దెయ్యం దూప తీరిందని ఊరంతా అనుకున్నది. భీమప్ప మాత్రం అనుకోలేదు.

"దూప తీరనీకి చెంబెడు నీళ్లు సాలకపోయెనా? పిలగాడే గావాల్నా?" అన్నాడు నాతో. పదకొండవనాడు ముగిసిన తరువాత యార్డుకు వెళ్లి, కొడుకు చేసిన కావలి పనినే తనకు ఇమ్మని అడిగాడు. ఎందుకు, ఆ వయసులో? అని నేను మందలించాను.

"చిన్నప్పటి సంది గొర్లెంట తిరిగిన పోరడు. చీకట్ల వాగు దాటినోడు. అసొంటోడు గా గనిల కాలెందుకు వెట్టిండో నాకు తెల్వాలె, పంతులమ్మా. గది తెల్వకుంట నాకు బువ్వ దిగది."

అందుకు ముందుగా ఒక మంచి టార్చి కావాలన్నాడు. తాండూరు బజారులో మా మరిది కొడుకు రాధాకిషన్‌కు కరెంటు సామాన్ల దుకాణం ఉన్నది. నేనే వెంటబెట్టుకొని వెళ్లాను.

రాధాకిషన్ మోచేయంత పొడవున్న టార్చి ఒకటి తీసి బల్ల మీద నిలబెట్టాడు.

"కాకా, గీ లైటు వడితె వికారాబాద్ టేషన్ల రైలు ఆగుతది."

"రైలు ఆపనీకి పోతలేను, సేటూ. ఒక చేతిల కట్టె ఉంటది. రొండో చేతిల పట్టాలె. కట్టె ఇడిషివెట్టి లైటు మోసుడు నాతోని గాదు."

చిన్నది తీశాడు. డబ్బా మీద వెలుగు లెక్క రాసి ఉన్నది, లక్ష ల్యూమెన్లట. బొటనవ్రేలంత దీపానికి లక్ష ఎట్లా అవుతుందని నేను అడిగాను.

"పెద్దమ్మా, డబ్బ మీద రాసెటోళ్లకు సున్నలు మస్తు దొరుకుతయ్," అని దానిని తానే లోపల పెట్టేశాడు.

చివరకు రెండు టార్చీలు మిగిలాయి. రెండూ అరచేతిలో ఇమిడేవే. లోహపు ఒళ్లు, అంగీకి తగిలించుకొనే కొక్కెం, వెనుక ఒకే బొత్తాం. మెల్లగా నొక్కితే నడకకు సరిపడే వెలుగు. గట్టిగా నొక్కితే వీధి చివర ఉన్న గోడ మీది అక్షరాలు చదవవచ్చు. ఫోను తీగతోనే చార్జింగు. ఒకటి తెల్లని వెలుగు, మరొకటి పసుపు.

భీమప్ప బకెట్టుతో నీళ్లు అడిగాడు. తెచ్చి పెట్టగానే, రెంటినీ వెలిగించి అందులో వేశాడు.

"కాకా, జర కొన్నంక ముంచరాదే," అన్నాడు రాధాకిషన్.

"కొన్నంక మునిగితె ఏం ఫాయిద?"

ఆ మాట అన్న తరువాత అది ముగ్గురికీ ఒకేసారి వినబడింది. టార్చీలు నీటి అడుగున వెలుగుతూనే ఉన్నాయి.

వాటిని తీసి తుడిచి, భీమప్ప దుకాణం మెట్టు మీద వంగాడు. మెట్టు పాలిష్ చేసిన నాపరాయి. దాని మీద దోసెడు నీళ్లు పోశాడు. చీకటి పడే వేళ. తెల్లని వెలుగు వేశాడు... బండ మెరిసింది; నీళ్లూ మెరిశాయి. ఎక్కడ బండ ముగిసి ఎక్కడ నీళ్లు మొదలయ్యాయో నా కంటికి తెలియలేదు. పసుపు వెలుగు వేశాడు. నీటి అంచు గీత గీసినట్లు కనబడింది.

మళ్లీ తెలుపు. మళ్లీ పసుపు. అట్లా చాలాసేపు.

"మల్లేశ్ ఫోన్ లైటు పట్టుకపోయిండు," అన్నాడు చివరకు. "గది తెల్లగనే ఉండె."

పసుపుదానిని జేబులో వేసుకున్నాడు.

ఇక ఆ తరువాతిది భీమప్ప నాకు చెప్పినట్లే చెబుతున్నాను.

నాలుగు రాత్రులు ఏమీ జరగలేదు. టార్చి వెలిగించుకొని యార్డంతా తిరిగేవాడు. గని అంచుకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి చెవి పెట్టేవాడు. కప్పల అరుపులు. దూరాన రాళ్ల లారీలు. అంతే.

ఐదవ రాత్రి అమావాస్య. లైటు కనబడితే అది పలకదేమో అనుకున్నాడు. టార్చి ఆర్పి జేబులో పెట్టాడు. చెప్పులు విడిచాడు. కొడుకు నడిచిన బాటనే... చీకటిలో... కర్రతో తడుముకుంటూ నడిచాడు.

పది అడుగులు. ఇరవై.

కర్ర కొనకు రాతిపొడి తగిలి కరకరమన్నది.

అప్పుడు వినబడింది. ఎదుటి నుండి. సన్నగా మొదలై, పెద్దదై —

"ని...ల్లు... ని...ల్లూ..."

కాళ్లు ఆగాయన్నాడు. భయంతో కాదు. ఆ మాట ఆగమన్నది గనుక ఆగాయి.

భీమప్ప ఏటేటా గొర్రెలను తోలుకొని సరిహద్దు దాటి సేడం వైపు, చించోళి వైపు పోయినవాడు; బడి పోతుందని కొడుకును మాత్రం అటు తీసుకుపోలేదు. ఇన్నాళ్లూ ఈ గొంతు సంగతి ఇతరుల నోట విన్నాడే గాని, తన చెవులతో వినడం అదే మొదలు.

నిల్లు. కన్నడంలో — ఆగు.

టార్చి తీసి గట్టిగా నొక్కాడు. తన పాదానికి జానెడు దూరంలో నీటి అంచు. కర్ర దించి చూశాడు. కొనకు అడుగు తగలలేదు.

వెలుగును మెల్లగా అవతలి ఒడ్డుకు తిప్పాడు. పనికిరాని రాళ్ల గుట్ట. గుట్ట పక్కన ఏదో తెల్లగా కూర్చొని ఉన్నది. గొర్రెల కళ్లు మెరుస్తాయి, తోడేలు కళ్లు మెరుస్తాయి, మనిషి కళ్లు మెరవవు. ఆ కళ్లు మెరవలేదు. వాటికి ఒక చేయి అడ్డం వచ్చింది.

"ముందె బరబ్యాడ," అన్నది ఆ గొంతు. ముందుకు రావద్దని.

"యారవ్వా నీవు?" అని అడిగాడు, ఎవరమ్మా నీవు అని.

ఆమె పేరు శాంతవ్వ. సేడం అవతలి ఊరు. భర్తతో కలిసి ఈ గనిలో రాళ్లు కొట్టింది. గని నిండిన మొదటి ఏడు, చీకటిలో ఇంటికి వస్తూ, అలవాటైన బాటనే నడిచి భర్త అందులో పడిపోయాడు. మేస్త్రీ, కూలీలు అందరూ వేరే గనులకు పోయారు. ఆమె పోలేదు. పగలు తాండూరు హోటళ్లలో గిన్నెలు తోముతుంది. రాత్రి ఇక్కడ కూర్చుంటుంది. అడుగుల చప్పుడు వినబడితే ఆగమని అరుస్తుంది.

"కంచె పెట్టుమని పగటిపూట శాన మందికి చెప్పిన," అన్నదట, వచ్చీరాని మన మాటలలో. "ఎవరు ఇనలే. రాత్రి చెప్తే అందరు ఇంటున్నరు. ఉరుకుతున్నరు. మంచిదే అనుకున్న."

భీమప్ప నిలబడిన చోటు వైపు చేయి చాపిందట. తరువాత —

"నువ్వు నిలిచినవ్. ఆ పిలగాడు నిలువలే. నేను ఎంత ఒర్లితే అంత ముందుకొచ్చిండు. తెస్తున్న, తెస్తున్న అనుకుంట వచ్చిండు. ఏం తెస్తున్నడో నాకు ఎరుక లే."

ఆమె నీళ్ల దాకా పరుగెత్తింది. ఈత రాదు. రోడ్డు మీదికి పోయి కేకలు వేసింది. యార్డులో పడుకున్నవారు, లారీలలో పడుకున్నవారు, అందరూ ఆ కేకలు విన్నారు. దూపగని గొంతు అది. ఎవరూ తలుపు తీయలేదు.

భీమప్ప ఆమెతో, వాడు నా కొడుకు అని చెప్పలేకపోయాడట. టార్చి ఆర్పి, తెల్లవారే దాకా ఈ ఒడ్డున అతడు, ఆ ఒడ్డున ఆమె కూర్చున్నారట.

ఇదంతా మా అరుగు మీద కూర్చొని చెప్పాడు. పొద్దెక్కింది. నేను ఇచ్చిన చాయ చల్లారిపోయింది.

"ఒక్కటి సమజైతలేదు, పంతులమ్మా," అన్నాడు. "నా పోరనికి కన్నడం రాదు, సరే. కాని నిల్లు అంటె నిలువు అన్నట్టే గదా? దగ్గరి మాటలే గదా? గంత తెల్వదా వానికి? నా కొడుకు గంత తెల్వితక్కువోడా?"

ఆయన ముఖం నా వైపే ఉన్నది. కావలి పని అడిగిన నాటి నుండి ఆయన అడుగుతున్నది ఇదే.

నేను డెబ్బై ఎనిమిదేండ్ల మనిషిని. ఒకరి తప్పు దిద్దడమే తప్ప, నా తప్పు ఒప్పుకొనే వాక్యం ఎట్లా కట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు. కర్త ఎక్కడ, కర్మ ఎక్కడ అని నాలుక వెతుక్కున్నది.

"వాడు సరిగ్గానే విన్నాడు, భీమప్పా," అన్నాను. "ఊరంతా నీళ్లు అని విన్నది. నకారానికి హ్రస్వం, లకారానికి ద్విత్వం... విన్నది విన్నట్లు పలికినవాడు వాడొక్కడే. ఈ అరుగు మీదనే పలికాడు. నేను దిద్దాను."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు.

"దిద్దిన్రా?"

"నిల్లు కాదు, నీళ్లు అన్నాను. అనిపించాను. అడిగినవారికి లేదనకూడదు అని కూడా అన్నాను."

భీమప్ప నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"అంటె... వాడు గట్లనే అన్నడా? నిల్లు అని?"

"అట్లాగే అన్నాడు."

"మీరు చెప్పినంక మార్చుకున్నడు."

"అవును."

"ఎప్పటికి మీ మాట దాటకపోతుండె," అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగి, వెనుదిరిగి చూడకుండా వెళ్లాడు. ఆ తరువాత ఆయన మా అరుగు ఎక్కలేదు. ఎక్కమని పిలిచే ముఖం నాకూ లేదు.

గని చుట్టూ కంచె పడే దాకా రెండేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. పడింది. శాంతవ్వ ఊరికి పోయింది. ఇప్పుడు అక్కడ ఏ గొంతూ వినబడదు. అయినా జనం దానిని దూపగని అనే అంటారు.

నేను అప్పగించి పోయేవి పెద్దగా ఏమీ లేవు. ఇల్లు పిల్లలు పంచుకున్నారు. పుస్తకాలు బడికి ఇచ్చాను. నా మనుమరాలు అమూల్య వికారాబాద్‌లో పిల్లలకు తెలుగు చెబుతున్నది. ఈ కథను ఆమెకు అప్పగించాను. చెప్పినప్పుడల్లా మల్లేశ్ పేరుతో పాటు, దిద్దిన పంతులమ్మ పద్మమ్మ పేరు కూడా చెప్పమన్నాను.