చూరులో చిప్ప

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది. పొద్దుటి పనులు తెమలగానే సిద్ధమ్మ అరుగు మీద చేరగిలబడి, "స్వరాజ్యం, గా పుస్తకం తే బిడ్డా" అంది. కళ్లకు పొరలు కమ్మాక ఆవిడ చదువంతా కోడలి గొంతుతోనే. అమెరికాలో నల్లవాళ్ల బతుకుల మీద ఎవరో రాసిన పుస్తకమది. హైదరాబాదులో నౌకరీ చేసే కొడుకు పర్శరాములు పంపాడు.

స్వరాజ్యలక్ష్మి చదువుతోంది. రైలు స్టేషన్లో తెల్లవాళ్లకొక కుళాయి, నల్లవాళ్లకొకటి. నల్లవాళ్లది చెడిపోయింది. ఆరేళ్ల నల్లపిల్ల తెల్లవాళ్ల కుళాయి వైపు నడిస్తే తల్లి వెనక్కి లాగింది. దాహంతోనే రైలెక్కారు.

"వాళ్ల చేతులిరగ! గుక్కెడు నీళ్ల కాడ గింత పాపమా?" సిద్ధమ్మ కళ్లొత్తుకుంది.

వాకిట్లో జొన్నలు చెరుగుతున్న దుర్గవ్వ చేతిలో చాట ఆగింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట పనిచేస్తోంది.

"దొరసానీ, గాడ గూడ చూర్ల చిప్ప పెడ్తరా?"

ఎత్తిపొడుపేం కాదు, తెలుసుకుందామనే అడిగింది. దుర్గవ్వ నీళ్లు తాగే కొబ్బరిచిప్ప చూరులో ఉంటుంది. సిద్ధమ్మ పైనుంచి తగలకుండా పోస్తుంది. సిద్ధమ్మ మొహం మాడిపోయింది.

"ఏందే దుర్గీ, నోరు లేస్తుంది? మమ్ముల గా తెల్లోళ్లతోని కలుపుతవా? స్వరాజ్యం, మూసెయ్!"

"పుస్తకం మూస్తే చిప్ప పోతదా అత్తమ్మా?" అంది కోడలు మెల్లగా.

దుర్గవ్వ చాట గోడకు ఆనించి, నీళ్లు తాగకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చిన్ననాడు పర్శరాములుకు అమ్మవారు పోసినప్పుడు చుట్టాలెవరూ గడప తొక్కలేదు. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది దుర్గవ్వే. ఆనాడు అంటు గుర్తుకురాలేదెందుకో! ఇక ఆ మనిషి రాదేమోననుకుంటే సిద్ధమ్మకు ముద్ద దిగలేదు. తడుముకుంటూ వెళ్లి చూరులో చిప్ప తీసి పొయ్యిలో పడేసింది.

నాలుగోనాడు వాకిట్లో చీపురు చప్పుడు.

"సలిజ్వరమొచ్చింది దొరసానీ."

సిద్ధమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కంచు చెంబు నిండా నీళ్లు తెచ్చి చాపింది. "తాగు దుర్గవ్వా. నాడు తప్పు మాట్లాడిన."

దుర్గవ్వ చెంబు అందుకోలేదు. "రేపు నా బిడ్డ అంజవ్వ పనికొస్తది. దానికి?"

"దానికి గూడ గిదే చెంబు."

"నలుగురు చూస్తరు."

సిద్ధమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. "చూడనియ్."

దుర్గవ్వ చెంబెత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుని అరుగు అంచున కూర్చుంది.

"చిన్నమ్మా, గా పిల్లకు నీళ్లు దొరికినయా?"

స్వరాజ్యలక్ష్మి పుస్తకం తెచ్చి పేజీ తిప్పింది.

"ముంగటి స్టేషన్ల దొరికినయి."

"హమ్మయ్య!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. సిద్ధమ్మ కొంగు మళ్లీ తడిసింది.