నిద్రపోని డేటాబేసు

"మీరు పెట్టిన డేటాబేసు మా బాపును నిద్ర పోనిస్తలేదు సార్!"

నల్గొండ బస్టాండు వెనకున్న కంప్యూటర్ సెంటర్లోకి నవనీత వానతోపాటే వచ్చిపడింది. ఆమె గొడుగు నుంచి నీళ్లు పరమేష్ కీబోర్డు మీదికే కారుతున్నాయి. ఆ సంగతి చెప్పబోయి, ఆమె కళ్లు చూసి కీబోర్డును పక్కకు జరిపాడతను.

మేళ్లచెరువులో ఇంటి మిద్దె మీద వానకొలత డబ్బా పెట్టుకుని, ఎంత వాన పడిందో, మబ్బు ఎటు కదిలిందో చుట్టుపక్కల రైతుల కోసం రోజూ రాసే పిచ్చి నవనీతది. రాసింది దాచే క్లౌడ్ డేటాబేసునూ, రైతులు చూసే పేజీనీ చేసిపెట్టింది పరమేషే. చూసేది నలభై మంది, అదీ పొద్దున ఒక గంట. బిల్లు మాత్రం నెలకు నాలుగు వేలు. అది కట్టే ఆమె తండ్రి జంగయ్య ఈ నెలాఖరు వరకే అని తేల్చేశాడు. తర్వాత పేజీ మూసేయడమే. అది తలుచుకుంటేనే నవనీతకు ఏడుపొస్తోంది.

"ఎవరు చూడకున్నా అది రోజంతా మేల్కొనే ఉంటాంది మేడం. తప్పు నాదే," అన్నాడు పరమేష్ బుద్ధిగా. "పది నిమిషాలు ఎవరు అడగకుంటే పండుకునేటట్టు పెడ్త. పండుకున్నంతసేపు దాచినందుకే పైసలు, నడిచినందుకు ఉండయి."

"మరి పొద్దుగాల రైతులు చూస్తే?"

"లేస్తది. జర ఆవులిస్తది, గంతే."

నవనీతకు నవ్వాగలేదు. తిరిగి పోయే బస్సులో, కిటికీ అద్దం మీద చినుకులు జారుతుంటే, ఆ ఆవులింతే గుర్తొచ్చింది.

వారం గడిచినా ఖర్చు తగ్గలేదు. పేజీని ఎవరెవరు చూస్తున్నారో నవనీత తనే తీసి చూసింది. నలభై ఫోన్లూ పొద్దున వచ్చి వెళ్లిపోతున్నాయి. ఒక్క కంప్యూటర్లో మాత్రం పేజీ రాత్రింబవళ్లు తెరిచే ఉంది. తెరిచిన పేజీ కొత్త కొలత వచ్చిందా అని రెండు నిమిషాలకోసారి అడుగుతూనే ఉంటుంది. ఇక డేటాబేసుకు కన్నంటుకునేదెప్పుడు?

ఆ కంప్యూటర్ నల్గొండ సెంటర్‌ది. వెంటనే పరమేష్‌కు ఫోన్ చేసింది.

"సార్, మా పేజీ ఎందుకు తెరిచి పెట్టిన్రు?"

వాన చప్పుడు మధ్య పరమేష్ గొంతు వినిపించింది.

"మంగళవారం నువ్వు రాసినవు, మబ్బు నల్గొండ దిక్కు పోతాందని. నేను బయటికొచ్చి నిలబడ్డ. నిజంగనే వచ్చింది. మొత్తం తడిసిన. గప్పటి సంది మూయబుద్ధి అయితలేదు, నవనీతా."

'మేడం' అనే పిలుపు ఎక్కడో జారిపోయింది. నవనీత చెంపలు వేడెక్కాయి. తను కూడా రోజూ నల్గొండ వైపు పోయే మబ్బునే వెతుకుతోందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"గట్ల తెరిస్తే అది పండుకోదని నీకు తెల్వదా?"

"తెలుసు. నువ్వు రాసింది చదువుతాంటే యాదికి రాలే."

"ముందు మూయి. లేకుంటే బాపు పేజీ బంద్ చేస్తడు. వాన సంగతి రోజు నేనే ఫోన్ చేసి చెప్త."

నెలాఖరున చూస్తే, ఆఖరి పది రోజుల ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు. ఆ సంబరంలో నవనీత పేజీలో రాసేసింది: "వాన ఇరవై మిల్లీమీటర్లు. మబ్బు నల్గొండ దిక్కు పోతాంది. నా మనసు గూడ."

నలభై మంది రైతుల్లో మొదట చదివింది జంగయ్యే.

"బిడ్డా, మబ్బు సంగతి సరే. మనసు పోయిన కాడ ఎవరున్నరు?"

నవనీత తల వంచుకుంది. "డేటాబేసును పండబెట్టినాయన, బాపు."

జంగయ్య కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఐతారం ఇంటికి రమ్మను. పేజీ నడువనియ్యి."

నవనీత మిద్దె మీదికి పరుగెత్తింది. ఆ ఆఖరి వాక్యం చెరిపేద్దామని ఫోన్ తీసింది. చాలాసేపు చూసి, అలాగే ఉంచేసింది.